తాగుడు ఆగిన తొలి మూడు దినాలు - శరీరం చెప్పే సాక్ష్యం

మద్యపానం వల్ల కలిగే నష్టాల గూర్చి మన సావనీరులలో వ్యాసాలు కొత్త కాదు. కాలేయం చెడుతుంది, సంసారం చెడుతుంది, అప్పులవుతాయి. ఇవన్నీ నిజమే గాని నేను వాటిని మళ్ళీ రాయబోవటం లేదు. తాగుతున్న మనిషిని వదిలిపెట్టి, తాగుడు ఆగిపోయిన మనిషిని, అందులోనూ ఆగిన మొదటి 72 గంటలను తీసుకుంటున్నాను. ఆ 72 గంటలలో మనిషి నాడి, రక్తం, మూత్రం, చేతివేళ్ళు కలిసి వ్యసనం యెంత లోతుకు దిగిందో చెప్పేస్తాయి. ఆ చెప్పేదాన్ని చదవటం రాకపోతే ప్రాణాలు పోతాయి. బయోకెమిస్ట్రీ విద్యార్థిగా నేను చదివినదీ, మా యింట్లో చూసినదీ కలిపి రాస్తున్నాను. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో యీ పాఠం అవసరపడని వాడ వుండదని నా నమ్మకం.

ముందుగా 'జీవసూచిక' అంటే ఏమిటో చూద్దాం. బాయి పని తెలిసిన యిళ్ళ పిల్లలకు యిది సులభంగా బోధపడుతుంది. భూగర్భంలో మీథేన్ వాయువు కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. సర్దారు సేఫ్టీ లాంపు మంటను తగ్గించి, దాని మీద లేచే నీలి టోపీని చూసి గ్యాసు శాతాన్ని అంచనా కట్టేవాడు. ఇప్పుడు మీటర్లు వచ్చాయి, అది వేరే సంగతి. ఆ నీలి టోపీ మీథేన్‌కు సూచిక. కాని అదే దీపం ప్రాణం తీసే మోతాదులో వున్న కార్బన్ మోనాక్సైడును కూడా చూపలేదు. దానికోసం పూర్వం పంజరంలో చిన్న పిట్టలను పెట్టి లోపలికి దింపేవారు. దీపం మామూలుగానే మండుతోంది గదా అని ధైర్యపడి కూర్చున్నవాడు మళ్ళీ లేవడు. శరీరంలోని సూచికలూ అంతే. ప్రతి సూచికా వొక సంగతినే చూపుతుంది. ఏది చూపుతుందో, ఏది చూపదో తెలిసినవాని చేతిలోనే అది పనికివస్తుంది.

మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలను నెమ్మదింపజేస్తుంది. గ్లుటమేట్ అనే మరో రసాయనం వాటిని ఉరికిస్తుంది. ఆల్కహాలు గాబా పనిని పెంచి, గ్లుటమేట్ పనిని అణచివేస్తుంది. అందుకే మత్తు. రోజూ తాగేవాని మెదడు యీ మత్తుకు వ్యతిరేకంగా తనను తాను సర్దుకుంటుంది: గాబా గ్రాహకాలు మొద్దుబారుతాయి, గ్లుటమేట్ గ్రాహకాలు పెరుగుతాయి. పెద్ద బరువు లాగటానికి అలవాటుపడిన యెడ్లను తలచుకోండి. బరువును బట్టి అవి మెడ వంచి బలమంతా పెట్టి లాగుతుంటాయి. హఠాత్తుగా మోకు తెగితే ఏమవుతుంది? యెడ్లు రెండూ ముందుకు తూలి పడతాయి. తాగుడు వొక్కసారిగా ఆగినప్పుడు మెదడులో జరిగేది యిదే. అదుపు తప్పిన నాడీకణాలు నార్‌ఎడ్రినలిన్‌ను కుమ్మరిస్తాయి. గుండె దడ, చెమట, చేతుల వణుకు, రక్తపు పోటు, నిద్రలేమి, చివరకు ఫిట్స్ - అన్నీ దాని పర్యవసానాలే.

ఇందులో ఘోరమైన దశకు 'డెలీరియం ట్రెమెన్స్' అని 1813లో ఇంగ్లండు వైద్యుడు థామస్ సట్టన్ పేరు పెట్టాడు. వణుకుతో కూడిన సన్నిపాతం అని మన భాషలో అనుకోవచ్చు. అయితే అది తాగటం వల్ల వచ్చేదా, తిండి లేక వచ్చేదా, లేక తాగుడు ఆగటం వల్ల వచ్చేదా అనే తగాదా మరి నూరేళ్ళకు పైగా సాగింది. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో ఇస్‌బెల్, అతని సహచరులు 10 మంది ఖైదీలకు మంచి తిండి, విటమినులు పెడుతూనే వారాల తరబడి మద్యం పట్టించి, పిమ్మట వొక్కసారిగా ఆపారు. 48 నుంచి 87 దినాలు తాగినవారిలో తీవ్రమైన వణుకు, భ్రాంతులు, ఫిట్స్ కనిపించాయి. తగాదా తీరింది గాని, ఖైదీల మీద అటువంటి ప్రయోగం ఈనాడు ఏ విశ్వవిద్యాలయమూ అనుమతించదు, అనుమతించగూడదు కూడా.

ఇప్పుడు గడియారం చేతిలో పట్టుకుని చూద్దాం. ఆఖరి గుక్క తాగిన 6 నుంచి 8 గంటలకు వణుకు, కడుపులో తిప్పటం, చిరాకు మొదలవుతాయి. 12 నుంచి 24 గంటల మధ్య కొందరికి లేని పురుగులు కనిపిస్తాయి, లేని మాటలు వినబడతాయి. ఫిట్స్ వచ్చేది 6 నుంచి 48 గంటల లోపల. 48 నుంచి 96 గంటల మధ్య సన్నిపాతం. ఇది తాగుడు ఆగి ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి ముగ్గురు నుంచి అయిదుగురికి వస్తుంది. చికిత్స లేని రోజులలో అట్లా వచ్చినవారిలో చాలామంది చనిపోయేవారు.

ఈ లెక్కను బాయి షిఫ్టుల పక్కన పెట్టి చూడండి. రాత్రి 9 గంటలకు తాగటం ఆపిన వాని రక్తంలో 100 మిల్లీలీటర్లకు 150 మిల్లీగ్రాముల ఆల్కహాలు వుందనుకుందాం. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దాన్ని కరగదీస్తుంది. పొద్దున 7 గంటలకు, అంటే ఫస్ట్ షిఫ్టు దిగే వేళకు, లెక్క సున్న. అప్పుడు శ్వాస పరీక్ష చేస్తే యంత్రం కూడా సున్నే చూపుతుంది. మత్తులో వున్నవాడు గనిలోకి దిగరాదని గనుల నిబంధనలు చెబుతాయి, అది న్యాయమే. మన వాడు మత్తులో లేడు గనక దిగుతాడు. కాని అతనికి అది పదవ గంట. మధ్యాహ్నానికి పదిహేనవ గంట. ఫిట్స్ వచ్చే కాలం సరిగ్గా అదే, అప్పుడు అతడు పైకప్పు కింద దుంగ నిలబెడుతుండవచ్చు, కదులుతున్న బెల్టు పక్కన వుండవచ్చు. రోజూ తాగేవాని విషయంలో యంత్రం సున్న చూపటం అపాయం తీరిందనటానికి గుర్తు కాదు, అపాయం మొదలైందనటానికి గుర్తు. 'తాగి వచ్చినోన్ని ఆపుతరు గని, తాగక వచ్చినోన్ని ఎవలు చూస్తరు?' అని మా వాడకట్టులో రిటైరయిన ఒక సర్దారు తాత నాతో అన్నాడు. ఇంత చక్కగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన కార్మికుని సంగతి యిటువంటిదే. చేరిన దినం మామూలుగా వుంటాడు. మరునాడు చెమటలు. మూడవ దినం రాత్రి కట్టు పీకేసుకుని, గోడ మీద పాములున్నాయని కేకలు. చూసినవారు మెదడుకు దెబ్బ తగిలిందంటారు, ఇంటివారు గాలి సోకిందంటారు. మూడు దినాల క్రితం వరకు రోజూ తాగేవాడనే మాట ఎవరూ డాక్టరుకు చెప్పి వుండరు. ప్రమాదం నాడు తాగి వున్నాడంటే కేసు ఏమవుతుందో, ఉద్యోగం ఏమవుతుందో అనే భయం. ఆ భయం వుత్తదని నేను అనను. కాని ఆ వొక్క మాట దాచినందుకు చెల్లించే ధర పెద్దది.

మరి తీవ్రతను కొలవటం ఎట్లా? 1989లో సల్లివాన్ మొదలగువారు సవరించి యిచ్చిన వొక కొలబద్ద వుంది. దానిని సంక్షిప్తంగా సివా అంటారు. వాంతి, వణుకు, చెమట, ఆదుర్దా, అస్థిమితం, చర్మం మీద పురుగులు పాకినట్లుండటం, చెవికి వినబడేవి, కంటికి కనబడేవి, తలనొప్పి - యీ తొమ్మిదింటికి సున్న నుంచి 7 దాకా మార్కులు. పదవది, తానెక్కడ వున్నాడో, ఆ దినం ఏ తేదీయో తెలియటం. దానికి 4 దాకా. మొత్తం 67. పదికి లోపు వుంటే తేలిక, పదిహేను దాటితే భారం. రక్తం తీయనక్కర లేదు, అయిదు నిమిషాలు చాలు. చేతులు చాచి వేళ్ళు విడదీయమంటే చాలావరకు తెలిసిపోతుంది. చాచకముందే వణుకుతుంటే ఎక్కువ మార్కులు. నాడి, రక్తపు పోటు యీ మార్కులలో చేరవు గాని వాటినీ పక్కన రాసుకుంటారు.

ఈ మార్కుల వల్ల నిజమైన ప్రయోజనం ఏమిటో 1994లో సైట్జ్, అతని సహచరులు 101 మంది రోగులతో చూపించారు. సగంమందికి గడియారం ప్రకారం మందు, మిగతా సగంమందికి మార్కులు పెరిగినప్పుడు మాత్రమే మందు. మొదటి జట్టుకు సగటున 68 గంటలు మందు ఇయ్యవలసి వస్తే రెండవ జట్టుకు 9 గంటలు సరిపోయింది. మందు మోతాదు 425 మిల్లీగ్రాముల నుంచి 100కు తగ్గింది. కొలిచి వేసిన మందుకూ, గుడ్డిగా వేసిన మందుకూ తేడా అంత.

అయితే సివా వొక యిబ్బంది పెడుతుంది. అది ఇప్పుడు ఎట్లా వుందో చెబుతుంది, రేపు ఎట్లా వుండబోతుందో చెప్పదు. ఆ ముందుచూపు కోసం రక్తపరీక్షల వైపు పోవాలి. ఇక్కడే మన విద్యార్థులు కూడా తికమకపడతారు. రక్తంలోని సూచికలు రెండు జాతులు. ఎంత తాగాడో చెప్పేవి వొక జాతి. ఆపితే యెంత అపాయమో చెప్పేవి మరో జాతి.

మొదటి జాతిలో పేరుమోసినది జి.జి.టి. అనే కాలేయపు ఎంజైము. వారాల తరబడి తాగితే పెరుగుతుంది, మానితే రెండు మూడు వారాలకు సగమవుతుంది. కాని షుగరు వున్నవారిలో, కాలేయానికి కొవ్వు పట్టినవారిలో, ఫిట్స్ మాత్రలు వేసుకునేవారిలో కూడా అది పెరుగుతుంది. రెండవది ఎం.సి.వి., ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. తాగుబోతుల రక్తకణం ఉబ్బి వుంటుంది. ఎర్ర కణం ఆయుష్షు 120 దినాలు గనక, మానిన రెండు మూడు నెలల దాకా కూడా ఆ ఉబ్బు కనిపిస్తుంది. మూడవది సి.డి.టి. ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీనుకు చివరన చక్కెర గొలుసులుంటాయి. రోజుకు 50 నుంచి 80 గ్రాముల ఆల్కహాలు వొకటి రెండు వారాలు తాగితే ఆ గొలుసులు తెగి, బోడి ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కువవుతుంది. అరవై గ్రాములంటే ఎంత? 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 42.8 శాతం ఆల్కహాలు వుంటుంది, ఆల్కహాలు సాంద్రత 0.789. గుణించి చూసుకోండి, దాదాపు 61 గ్రాములు వస్తుంది. మన కూడలిలో రోజూ వొక క్వార్టర్‌తో సరిపెట్టుకునేవాణ్ణి మితంగా తాగేవాడని అంటారు. అతడు సి.డి.టి. గీతను తాకుతున్నాడన్నమాట.

ఇవన్నీ గడచిన కాలానికి చిట్టా పుస్తకాలు. రేపటి అపాయానికి రెండవ జాతిని చూడాలి. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గి వుండటం, ప్లేట్‌లెట్లు తగ్గి వుండటం, హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరిగి వుండటం - యివి ఫిట్స్, సన్నిపాతం రాగలవని హెచ్చరించే గుర్తులుగా పలు పరిశోధనలలో తేలాయి. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా తొలి దినాలలో పైకి లేస్తుంది. వీటిలో ప్లేట్‌లెట్లు, పొటాషియం మామూలు ల్యాబులలో కూడా చూడగలిగినవే. పైగా జ్వరాల కాలంలో మన జనమంతా ప్లేట్‌లెట్ల లెక్క నేర్చుకున్నారు. 'లక్షకు తక్కువున్నయ్' అంటే డెంగీ అనుకుంటారు. తాగుడు ఎముక మజ్జను అణచటం వల్ల కూడా తగ్గవచ్చునన్న ఊహ రాదు.

అన్నిటికంటె పదునైన సూచిక మాత్రం వొక వైరుధ్యం. రక్తంలో ఆల్కహాలు ఎక్కువగా వుండగానే వణకటం. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. 200 వుంటే మామూలు మనిషి తూలుతాడు. ఒకడు 200తో వచ్చి, నిలబడి తిన్నగా మాట్లాడుతూ, పైపెచ్చు చేతులు వణుకుతున్నాడంటే అతని మెదడు యెంత లాగుతున్నదో గ్రహించవచ్చు. 2014లో మాల్డొనాడో మొదలగువారు తయారుచేసిన అపాయపు పట్టికలోని పది అంశాలలో ఆ 200 మిల్లీగ్రాములు వొకటి, గతంలో వచ్చిన ఫిట్స్, సన్నిపాతం, గతంలో మానిన సార్లు మరికొన్ని. పదింట నాలుగు వచ్చినవాణ్ణి ఇంటికి పంపరాదు.

ఇంతవరకు చెప్పినది బ్రాంది, విస్కీ తాగేవాని కథ. పుస్తకాలన్నీ అతని గూర్చే వ్రాయబడ్డాయి. మన జిల్లాల పల్లెల్లో ఎక్కువమంది తాగేది కల్లు. ఇక్కడ పాఠం మలుపు తిరుగుతుంది.

తాటి చెట్టు మీద నుంచో, ఈత చెట్టు మీద నుంచో గౌడన్న దించిన అసలు కల్లులో ఆల్కహాలు నూటికి నాలుగయిదు పాళ్ళకు మించి వుండదు. 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాములు. అది నిష తక్కువ పానీయమే, గీత కార్మికుల కష్టానికి నేను మచ్చ తేవటం లేదు. కాని చెట్ల కల్లు చాలని చోట, నీళ్ళలో శాక్రిన్ కలిపి, నిష కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం (పత్రికలు పెట్టిన పేరు, అసలు పేరు డయాజిపాం), అల్ప్రాజోలం కలిపి అమ్మే దుకాణాలున్నాయి. జనం దాన్ని 'మందు కల్లు' అని పిలుస్తారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయినప్పుడు నమూనాలలో బయటపడినది అల్ప్రాజోలమే.

ఈ మూడు పదార్థాలూ ఆల్కహాలు లాగే గాబా మార్గంలోనే పనిచేస్తాయి. కాబట్టి ఆగినప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు కూడా అచ్చం అట్లాగే వుంటాయి. తేడా గడియారంలో వుంది. అల్ప్రాజోలం రక్తంలో సగమవటానికి సుమారు 11 గంటలు, ఆపిన వొకటి రెండు దినాలకే గుర్తులు బయటపడతాయి. డయాజిపాం, దాని నుంచి పుట్టే పదార్థం దినాల తరబడి నిలుస్తాయి గనక వారం దాకా ఏమీ తెలియకపోవచ్చు. రెండవ తేడా మరీ ముఖ్యమైనది. ఇవి మామూలుగా కాలేయాన్ని ఉబ్బించవు, ఎర్ర కణాన్ని ఉబ్బించవు, ట్రాన్స్‌ఫెరిన్ గొలుసులను తెంపవు. జి.జి.టి. మామూలు, ఎం.సి.వి. మామూలు, సి.డి.టి. మామూలు. శ్వాస పరీక్షలో సున్న. దీపం నిశ్చలంగా మండుతుంటుంది.

మా పెద్దబాపు వ్యవసాయదారుడు. పొద్దున రెండు సీసాలు, మాపటికి రెండు సీసాలు ఏళ్ళ తరబడి తాగాడు. ఒకసారి ఆ పక్క దుకాణాలు కొన్ని దినాలు మూతపడ్డాయి. రెండవ దినం చేతులు వణికి అన్నం ముద్ద నోటికి పోలేదు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చింది. పట్నంలో వొక ఆసుపత్రికి తీసుకుపోతే కాలేయం పరీక్షలు చేసి, 'అన్నీ నార్మలే, తాగుబోతు లక్షణాలు లేవు, భయపడ్డాడు' అని పంపించారు. బండి వూరు చేరకముందే మళ్ళీ ఫిట్స్. ఇంకొక చోట కుర్ర డాక్టరొకాయన నాడి పట్టుకుని గడియారం చూశాడు. నిమిషానికి 124. రిపోర్టు కాగితం పక్కన పెట్టి పెద్దవ్వను అడిగాడు:

'అమ్మా, ఈయన తాగేది బ్రాందా, కల్లా?'

'కల్లే సారూ. బ్రాంది ముట్టడు.'

'చెట్టు కల్లా, దుకాణం కల్లా?'

'దుకాణందే. చెట్టు కల్లు తాగితె నిద్ర పడ్తలేదంటడు సారూ.'

ఆ చివరి మాటతో డాక్టరుకు రోగం తెలిసిపోయింది. మూత్రాన్ని అల్ప్రాజోలం జాతి మందుల కోసం పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాడు. ఫలితం మరునాడు వచ్చింది, వుందని. నాలుగు సీసాల అసలు కల్లులో వుండే ఆల్కహాలుకు ఏళ్ళ తరబడి అలవాటు పడితే కాలేయపు కాగితంలో కొంతైనా జాడ కనిపించవలసింది. ఏ జాడా లేకుండా అంత పెద్ద ఫిట్స్ వచ్చాయంటే, ఆ సీసాలో వున్నది వేరే. నార్మల్ అని వచ్చిన ఆ రిపోర్టే, సరిగా చదివితే, గట్టి సాక్ష్యం.

ఇది వొక్క మా ఇంటి కథ అయివుంటే సావనీరులో చోటు అడిగేవాణ్ణి కాను. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాదు, మెదక్ జిల్లాలలో ఇదే జరిగింది. మత్తు మందు వొక్కసారిగా ఆగేసరికి వందలమంది వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు వచ్చారు. కొందరు చనిపోయారు. దాడులు చేయటం తప్పని నేననను. దుకాణం మూసిన నాడే ఆ వూరి ఆసుపత్రికి మందులు, మనుషులు చేరవలసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. రెండు సందర్భాలలోనూ మానాలని ఎవరూ మానలేదు, మోకు తెగింది, అంతే.

నల్లమందు, హెరాయిన్ జాతి కథ వేరు, వొక్క మాటలో చెబుతాను. వాటిని ఆపితే కంటిపాప పెద్దదవుతుంది, ఆవులింతలు, ముక్కు కారటం, రోమాలు నిక్కబొడుచుకోవటం. బాధ భరించరానిది గాని, వేరే జబ్బు లేని మనిషికి మామూలుగా ప్రాణం మీదికి రాదు. తాగుడు, మాత్రలు ఆపటం అట్లా కాదు. ప్రజలలో దీని గూర్చి వున్న అభిప్రాయం సరిగ్గా తలకిందులుగా వుంది.

ఇంకొక సంగతి మన ఆచారాలకు సంబంధించినది గనక జాగ్రత్తగా చెబుతాను. కొండగట్టు అంజన్న మాల, అయ్యప్ప మాల వేసుకుని 41 దినాలు చుక్క ముట్టనివారు మన చుట్టూ ఎంతోమంది. ఆ నియమం వల్ల పూర్తిగా మానేసినవారిని నేనెరుగుదును. అయితే ఏటా మాల వేసి, ఏటా తీసిన సాయంత్రమే దుకాణానికి పోయేవారి సంగతి వేరు. 1978లో బాలెంజర్, పోస్ట్ అనే శాస్త్రజ్ఞులు వొక విషయం ప్రతిపాదించారు: మానటం, మళ్ళీ మొదలుపెట్టటం జరిగిన కొద్దీ ప్రతిసారీ మెదడు ముందటికంటె సులభంగా అంటుకుంటుంది. తడి కట్టె మొదటిసారి రాజుకోదు, కాలి ఆరిన కట్టె చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. మొదటి ఏడు వణుకుతో పోయినది, నాలుగవ ఏడు ఫిట్స్‌గా రావచ్చు. 'పోయినసారి మాలల ఏం కాలే గదా' అనే ధీమాకు శాస్త్రంలో ఆధారం లేదు. గతంలో మానిన సార్ల లెక్క కూడా వొక సూచికే, దానికి ల్యాబు అవసరం లేదు. మాల వేసుకునే వారం ముందే డాక్టరును కలిసి మోతాదు ప్రకారం దింపుకుంటే వ్రతానికి భంగం ఏమీ రాదని నా అభిప్రాయం. గురుస్వాములు యీ మాట చెబితే మా వంటివారు చెప్పినదానికంటె పదిరెట్లు పనిచేస్తుంది. మా పెద్దబాపు ఇప్పుడు మళ్ళీ దుకాణానికి పోతున్నాడు గనక యీ సంగతి నన్ను ఎక్కువ బాధిస్తుంది.

చికిత్స గూర్చి రెండు ముక్కలు. 1969లో కైమ్ మొదలగువారు అమెరికాలో 537 మందిపై నాలుగు మందులను, వుత్త మాత్రను పోల్చి చూశారు. క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇచ్చినవారిలో ఫిట్స్, సన్నిపాతం అన్నిటికంటె తక్కువ. తెగిన మోకుకు బదులు మరో మోకు కట్టి, మెల్లగా వదలటమే అందులోని సూత్రం. కాలేయం చెడినవారికి లోరాజిపాం మేలు. ఇవి డాక్టరు చేతిలో వుండవలసిన మందులు; మెడికల్ షాపులో అడిగి కొని మింగితే కొత్త వ్యసనం అదే అవుతుంది.

రెండవది గ్లూకోజు. మన పల్లెలలో నీరసం అంటే ఆర్.ఎం.పి. వచ్చి గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. ఎక్కించకపోతే వైద్యం చేసినట్టే కాదు. ఏళ్ళుగా తాగినవాని శరీరంలో థయామిన్, అంటే బి1 విటమిను, అడుగంటి వుంటుంది. గ్లూకోజును దహించటానికి కణానికి థయామిన్ కావాలి. వున్న నాలుగు చుక్కల థయామిన్‌ను ఆ గ్లూకోజు లాక్కుంటే మెదడులో కొన్ని భాగాలు దెబ్బతింటాయి: కళ్ళు వంకర చూపు, నడక తూలు, మతి చెదరటం. 1881లో కార్ల్ వెర్నికే వర్ణించిన వ్యాధి యిదే. ముదిరితే జ్ఞాపకశక్తి తిరిగి రాదు. థయామిన్ ఇంజక్షను ముందు, గ్లూకోజు తర్వాత. బీఎస్సీ మొదటి సంవత్సరంలో పైరువేట్ డీహైడ్రోజినేస్ బొమ్మ గీసి, పక్కన సహఎంజైము పేరు రాసి మార్కులు తెచ్చుకున్నాం గదా, ఆ సహఎంజైము యీ థయామిన్ నుంచి తయారయ్యేదే.

ఇంటి దగ్గర మనం చేయగలిగినది కొంత వుంది. మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కించటం ఏ విద్యార్థికైనా వచ్చు. తాగుడు ఆగిన మనిషిని మంచం మీద కదలకుండా వుంచి, మూడు దినాలు పూటపూటకు ఆ అంకె కాగితం మీద రాయండి. వంద దాటి పైకి పోతున్నదంటే, చేతులు వణుకుతున్నాయంటే, తేదీ తప్పు చెబుతున్నాడంటే 108కి ఫోను చేయవలసిన సమయం అది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టకండి, తాళంచెవుల గుత్తి చేతికివ్వటం వల్ల ఏమీ కాదు. ఆసుపత్రిలో డాక్టరు అడగకపోయినా చెప్పవలసినవి: ఆఖరి గుక్క ఏ దినం, ఎన్ని గంటలకు, రోజుకు ఎంత, బ్రాందా, చెట్టు కల్లా, దుకాణం కల్లా, లోగడ ఎన్నిసార్లు మానాడు, అప్పుడు ఫిట్స్ వచ్చాయా. దుకాణం కల్లు అయితే ఇంట్లో తాగి మిగిలిన సీసా ఎక్కడో వుంటుంది, మూత బిగించి దాన్ని కూడా వెంట తీసుకుపోండి.